స్లాబు వేయకముందు చూసేదెవరు?

నారాయణఖేడ్‌లో 150 గజాల స్థలంలో ఇల్లు కట్టుకోవాలంటే ప్రభుత్వానికి చూపించాల్సినవి చాలానే ఉంటాయి. రిజిస్ట్రేషన్ దస్తావేజు కావాలి, లింకు డాక్యుమెంట్లు కావాలి, అనుమతి లేని లేఅవుట్‌లో కొన్న ప్లాటైతే ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) ప్రొసీడింగ్ కావాలి. ముందున్న రోడ్డు ఎన్ని అడుగులో, చుట్టూ వదిలే ఖాళీ ఎంతో ప్లానులో చూపాలి. ఇవన్నీ సరిపోతే అనుమతి వస్తుంది. ఆ తర్వాత ముగ్గు పోస్తారు, గుంతలు తీస్తారు, ఫుటింగులు వేసి పిల్లర్లు లేపుతారు. సెంట్రింగ్ కొట్టి, చువ్వలు కట్టి, ఒకరోజు పొద్దున్నే మిల్లర్ తెప్పించి స్లాబు వేస్తారు. ఆ చువ్వలు డ్రాయింగులో రాసిన సైజువేనా, పిల్లరూ బీమూ కలిసే చోట రింగులు దగ్గర దగ్గరగా కట్టారా, చువ్వకూ సెంట్రింగ్ పలకకూ మధ్య కవర్ బ్లాకులు పెట్టారా అని చూడటానికి ఇలాంటి చిన్న ఇళ్ల దగ్గరికి ప్రభుత్వం తరఫున మామూలుగా ఎవరూ రారు. స్లాబు పడ్డాక ఆ చువ్వలు మళ్లీ ఎవరికీ కనిపించవు.

భవన తనిఖీ ఉద్యోగం గురించి మన దగ్గర జరిగే చర్చంతా లంచాల చుట్టూ, కూల్చివేతల చుట్టూ తిరుగుతుంది. ఆ రెండూ పెద్ద విషయాలే. అయితే ఆ ఉద్యోగి అసలు ఏం చూడాలి, ఇప్పుడు ఏం చూస్తున్నాడు, చూడటానికి ఏం చదివి ఉండాలి అన్న ప్రశ్నలు వాటి వెనక మరుగున పడ్డాయి. ఖేడ్ లాంటి పట్టణంలో నిలబడి చూస్తే ఈ ప్రశ్నలు హైదరాబాద్‌లో కంటే తేటగా కనిపిస్తాయి. ఇక్కడ కట్టేవి ఎక్కువగా ఒకటి రెండు అంతస్తుల సొంత ఇళ్లు. వాటి మంచి చెడ్డలు ఇంటాయన, మేస్త్రీ, మునిసిపాలిటీ ఈ ముగ్గురి మధ్యనే తేలాలి.

ఖేడ్ మునిసిపాలిటీ అయి ఎంతోకాలం కాలేదు. 1956 దాకా ఇది బీదరు జిల్లాలోని తాలూకా. రాష్ట్రాల పునర్విభజనతో మెదక్ జిల్లాలోకి, 2016 అక్టోబరులో కొత్త జిల్లాలతో సంగారెడ్డిలోకి వచ్చింది. 2018 ఆగస్టులో రాష్ట్రమంతటా కొత్త మునిసిపాలిటీలు ఏర్పడినప్పుడు అమీన్‌పూర్, తెల్లాపూర్, బొల్లారంతోపాటు ఖేడ్ కూడా పట్టణమైంది. ఆ మూడూ హైదరాబాద్ అంచున ఉన్నవి. ఖేడ్ రాజధానికి దూరంగా, కర్ణాటక సరిహద్దు పక్కన ఉంది. పంచాయతీగా ఉన్నన్నాళ్లూ పంచాయతీ కార్యదర్శి చూసిన ఇంటి అనుమతులు అప్పటి నుంచి టౌన్ ప్లానింగ్ విభాగం పరిధిలోకి వెళ్లాయి.

జనం బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ అనో, టౌన్ ప్లానింగ్ సారనో పిలిచే ఉద్యోగికి తెలంగాణలో అధికారిక హోదా టౌన్ ప్లానింగ్ అండ్ బిల్డింగ్ ఓవర్సీర్, పొట్టిగా టీపీబీఓ. కింద చైన్‌మ్యాన్, పైన టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్, టౌన్ ప్లానింగ్ ఆఫీసర్, పెద్ద నగరాల్లో అసిస్టెంట్ సిటీ ప్లానర్లు, ఇలా మెట్లు ఉంటాయి. చిన్న పట్టణంలో వీధి వీధీ తిరిగే భారం మాత్రం ఓవర్సీర్ మీదే. 2022 సెప్టెంబరులో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 175 టీపీబీఓ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. సివిల్ ఇంజినీరింగ్‌లోనో ఆర్కిటెక్చర్‌లోనో డిప్లొమా ఉన్నవాళ్లూ, సివిల్, ఆర్కిటెక్చర్, ప్లానింగ్ డిగ్రీలున్నవాళ్లూ అర్హులు. రెండు పేపర్ల పరీక్ష: ఒకటి జనరల్ స్టడీస్, రెండోది డిప్లొమా స్థాయి సివిల్ ఇంజినీరింగ్. 2023 మార్చి 12న జరగాల్సిన ఆ పరీక్ష ప్రశ్నపత్రాల లీకేజీ గొడవలో ఆగిపోయి, తర్వాత మళ్లీ జరిగింది.

ఈ అర్హత తక్కువేమీ కాదని గట్టిగా చెప్పాలి. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్లు సివిల్ డిప్లొమా చదివిన కుర్రాడికి సర్వే వచ్చు, బిల్డింగ్ డ్రాయింగ్ వచ్చు, కాంక్రీటు క్యూబు పరీక్ష ఎలా చేస్తారో ల్యాబులో చేసి చూశాడు. డ్రాయింగు చూసి చువ్వలు లెక్కపెట్టగలడు. అంటే స్లాబు వేయకముందు సైటుకు వెళ్లి తప్పు పట్టుకునే జ్ఞానం ఇప్పుడున్న ఉద్యోగిలోనే ఉంది. ఉద్యోగంలో చేరాక ఆ జ్ఞానంతో మనం చేయించుకునే పని ఎంత అన్నదే అసలు కొరత.

పొద్దున లేస్తే అతడి చేతిలో ఉండే పనులు చూడండి. అనుమతికి వచ్చిన దరఖాస్తుల స్థల పరిశీలన, మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో చూడటం, నాలా, చెరువు బఫర్ తగులుతున్నాయా అని చూడటం. అనుమతి లేని కట్టడాలకు నోటీసులు, రోడ్డు మీదికి వచ్చిన మెట్లూ ర్యాంపులూ తీయించడం, ఫ్లెక్సీలూ హోర్డింగులూ తొలగించడం. వానాకాలానికి ముందు శిథిల భవనాల జాబితా. ఇంటి పక్కవాళ్ల ఫిర్యాదులు, కోర్టు కేసుల కౌంటర్లు. ఎన్నికలొస్తే ఆ డ్యూటీ. ఇన్నింటి మధ్య అతడు ఇంటి దగ్గరికి వెళ్లినప్పుడు టేపుతో కొలిచేది గోడ బయటి వైపు. ముందు ఎంత వదిలారు, పక్కల ఎంత వదిలారు, ఎత్తెంత, ఎన్ని అంతస్తులు. 2012 ఏప్రిల్ నాటి జీవో 168 భవన నిబంధనల్లో మునిసిపల్ ఉద్యోగి రోజూ తిరగేసే పేజీలు కూడా సెట్‌బ్యాకుల పట్టికలే.

సెట్‌బ్యాకులు అనవసరమని నేననను. ఇంటికీ ఇంటికీ మధ్య గాలి ఆడాలి, మంటలు అంటుకుంటే ఫైరింజన్ రావాలి. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్‌హౌజ్ దగ్గర ఇరుకైన పాత ఇంట్లో మంటలు రేగి 17 మంది చనిపోయినప్పుడు దారి, ఖాళీ, గాలి అన్న మాటల విలువ అందరికీ తెలిసింది. నా ఫిర్యాదల్లా ఒకటే. ఇంటి చుట్టూ ఉన్న ఖాళీని కొలిచే రాజ్యం ఇంటి లోపలి బలాన్ని కొలవడం లేదు.

2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో పరిస్థితి ఇంకో మలుపు తిరిగింది. 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాకా ఇంటికి అనుమతే అక్కర్లేదు; ఒక రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల దాకా, అంటే సుమారు 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి. అంతకు మించినవాటికి 21 రోజుల్లో ఏకగవాక్ష అనుమతి. అప్పటికప్పుడు ఇచ్చిన అనుమతిని అధికారులు తర్వాత పరిశీలిస్తారు. తప్పు తేలితే రద్దు చేయొచ్చు, ఉల్లంఘించి కడితే నోటీసు లేకుండానే కూల్చొచ్చు. పేరు తర్వాత టీజీ బీపాస్ అయింది. 2025లో డ్రాయింగులను కంప్యూటరే సరిచూసే బిల్డ్‌నౌ విధానం వచ్చింది.

ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఒక చిన్న ఇంటి కాగితం కోసం నెలల తరబడి ఆఫీసు చుట్టూ తిరిగి, ప్రతి టేబుల్ దగ్గరా చేయి తడిపిన కాలం మళ్లీ రాకూడదు. కానీ కాగితం సులువైనప్పుడు అలా మిగిలిన ఉద్యోగి సమయం సైటు మీదికి మళ్లాలి. అది జరగలేదు. స్వీయ ధ్రువీకరణలో యజమాని సంతకం పెట్టేది స్థలం తనదని, రోడ్డు ఇంత వెడల్పని, ఖాళీ ఇంత వదులుతానని. తన ఇంటి పిల్లరు ఎంత బరువు మోస్తుందో అతడికి తెలియదు, తెలియాలని అడగడం న్యాయమూ కాదు. 75 గజాల లోపు కట్టుకునేవాళ్లు పట్టణంలో అందరికంటే పేదవాళ్లు. ఇంజినీరును పెట్టుకునే స్తోమత లేని ఇంటినే మనం అనుమతి చట్రం నుంచి పూర్తిగా వదిలేశాం. ఫీజు తీసేయడం దయ. తనిఖీ తీసేయడం దయ కాదు.

ఖేడ్ నేల గురించి కూడా చెప్పుకోవాలి. ఈ ప్రాంతంలో ఎర్ర నేలలూ ఉన్నాయి, మంజీర పరీవాహకంలోని నల్లరేగడీ ఉంది. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంగి నెర్రెలిస్తుంది. తక్కువ లోతులో పునాది వేసిన ఇల్లు ఆ కదలికతోపాటు లేస్తూ దిగుతూ ఉంటుంది. రెండు మూడేళ్లకు కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి, తలుపులు పట్టేస్తాయి. ఇంటాయన సిమెంటు బాగాలేదనుకుని మళ్లీ పూత పూయిస్తాడు, మరుసటి ఎండాకాలం అదే చోట మళ్లీ పగులుతుంది. దీనికి మందు మనవాళ్లకు తెలియనిది కాదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దశాబ్దాల కింద రేగడి కోసమే అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాదులను రూపొందించింది. కనీసం ఉబ్బే పొర దాటి కిందికి వెళ్లడం, రేగడి తీసి మొరం నింపి దిమ్మిస కొట్టించడం, ప్లింత్ బీమ్ వేయడం లాంటి మామూలు జాగ్రత్తలూ ఉన్నాయి. ఒక ప్లాటులో ఎంత లోతుకు వెళ్లాలో గుంత తీసినరోజు నేల చూసిన మనిషే చెప్పాలి. ఆ రోజు అక్కడ చదువుకున్నవాడు ఒక్కడుంటే చాలు. ప్లాను ఆమోదించే కంప్యూటరుకు ఆ గుంత కనిపించదు.

నేల ఒక వైపు, భూకంపం ఒక వైపు. ఖేడ్‌కు దాదాపు నేరుగా పడమట, సుమారు 120 కిలోమీటర్ల దూరంలో మహారాష్ట్రలోని కిల్లారి ఉంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున నాలుగు కాబోతుండగా అక్కడ 6.2 తీవ్రతతో భూమి కంపించింది. దాదాపు 10,000 మంది చనిపోయారు. ఆ తీవ్రతకు అంతమంది చనిపోవాల్సిన అవసరం లేదు. మట్టితో పేర్చిన లావుపాటి రాతి గోడలు, దూలాల మీద అడుగు రెండడుగుల మందాన పోసిన మట్టి మిద్దె: ఇవి చంపాయి. గోడ రెండు పొరలనూ పట్టి ఉంచే పొడవైన అడ్డ రాళ్లు లేక, కుదుపుకు ఆ పొరలు రెండుగా విడిపోయి మిద్దె నిద్రలో ఉన్నవాళ్ల మీద పడింది. అప్పటి మ్యాపుల్లో అది భూకంపాల ముప్పు అతి తక్కువున్న ప్రాంతం. తర్వాత 2002లో జాతీయ ప్రమాణం ఐఎస్ 1893 సవరించినప్పుడు అన్నింటికంటే తక్కువ ముప్పున్న మొదటి జోన్‌ను ఎత్తేసి రెండో జోన్‌లో కలిపారు. ఆ సవరణ ప్రకారం తెలంగాణలో చాలా భాగం ఆ రెండో జోన్‌లోనే పడింది.

కిల్లారి ఊళ్ల తరహా రాతి గోడలూ మట్టి మిద్దెలూ బీదరు, ఖేడ్ పల్లెల్లో పాతవాళ్లకు కొత్తవి కావు. మహారాష్ట్ర పునర్నిర్మాణంలో ఇళ్లు కట్టించడంతో ఆగకుండా జూనియర్ ఇంజినీర్లకూ ఊరి మేస్త్రీలకూ శిక్షణ ఇచ్చి, నిలిచి ఉన్న లక్షల పాత ఇళ్లను బలపరిచే పని కూడా పెట్టుకున్నారు. సరిహద్దుకు ఇవతల అంత పెద్ద ఎత్తున ఆ పాఠం చదవలేదు. మిద్దెలు పోయి పిల్లర్ ఇళ్లు వచ్చాయి కాబట్టి భయం తీరిందనుకుంటున్నాం. కింద షాపుల కోసం గోడలు లేకుండా వదిలేసి, పైన బరువంతా సన్నని పిల్లర్ల మీద నిలబెట్టిన ఇళ్లు 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో ఎలా కూలాయో దేశమంతా చూసింది. ఖేడ్ మెయిన్ రోడ్డు మీద కట్టే ప్రతి షాపు ఇంటికీ ఆ ప్రశ్న వర్తిస్తుంది.

భూకంపం దాకా వెళ్లకుండానే కూలినవి మన కళ్ల ముందున్నాయి. 2016 డిసెంబరు 8 రాత్రి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది కూలీలు చనిపోయారు. దానికి అనుమతి లేదు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు; అందులో శ్రీకాకుళం, విజయనగరం నుంచి పనికి వెళ్లిన తెలుగువాళ్లు ఎందరో. దానికి అనుమతి ఉంది. 2025 మార్చి 26న భద్రాచలంలో పాత కట్టడం మీద అంతస్తులు లేపుతున్న భవనం కూలి ఇద్దరు కూలీలు చనిపోయారు. అప్పటికి భద్రాచలం పెద్ద పంచాయతీయే. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అనుమతి ఉండటానికీ భవనం నిలబడటానికీ మధ్య ఎంత దూరముందో తెలుస్తుంది. కూలిన ప్రతిచోటా చనిపోయింది కూలీలే. ఖేడ్ చుట్టుపక్కల తండాల నుంచి చెరకు కోతలకూ హైదరాబాద్ కట్టడాలకూ వలస వెళ్లేవాళ్లకు ఈ వార్తలు దూరపు వార్తలు కావు.

ఇక స్లాబు రోజు సంగతి. ఐఎస్ 456 ప్రమాణం మామూలు ఇంటి కాంక్రీటుకు చెప్పే లెక్కలు మేస్త్రీకైనా సులువుగా అర్థమవుతాయి. ఎం20 కాంక్రీటులో 50 కిలోల సిమెంటు బస్తాకు నీళ్లు 30 లీటర్లకు మించకూడదు. స్లాబు చువ్వకు 20 మిల్లీమీటర్లు, పిల్లరు చువ్వకు 40, ఫుటింగుకు 50 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు సపోర్టులు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు తీయకూడదు. మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, ఇప్పుడు అందరూ వాడే పీపీసీ అయితే 10 రోజులు తడుపుతూ ఉండాలి. మన ఎండలకైతే ఆ 10 రోజులూ 14 అవ్వాలి. చాలా సైట్లలో జరిగేది వేరు. కాంక్రీటు చేతికి సాగాలని మిల్లర్‌లో నీళ్లు ఇష్టమొచ్చినట్టు పోస్తారు. సెంట్రింగ్ సామాను ఇంకో ఇంటికి పోవాలని సపోర్టులు ముందే లాగేస్తారు. బోరు ఎండితే క్యూరింగ్ ఆగిపోతుంది. మేస్త్రీని తప్పు పట్టడం తేలిక. ఒప్పందం గజానికి ఇంత అని కుదిరినప్పుడు నిదానంగా చేస్తే నష్టపోయేది అతడే. అతడి చేతి నైపుణ్యం మీద నాకు గౌరవముంది. ఆ చేతికి ఒక రెండో కన్ను తోడు కావాలని మాత్రమే అంటున్నాను.

రెండో కన్ను పెట్టడం మన ప్రభుత్వానికి చేతకాని పని కాదు. ఇందిరమ్మ ఇళ్లే సాక్ష్యం. 5 లక్షల రూపాయల సాయాన్ని నాలుగు విడతలుగా ఇస్తున్నారు: బేస్‌మెంట్ అయ్యాక, గోడలు లేచాక, స్లాబు పడ్డాక, ఇల్లు పూర్తయ్యాక. ప్రతి దశలో సిబ్బంది వచ్చి ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కిస్తారు, హౌసింగ్ ఏఈ సరిచూస్తాడు, అప్పుడే బిల్లు. బ్యాంకు లోను తీసుకున్నా అంతే. విడత విడతకూ వాల్యుయేషన్ ఇంజినీరు వస్తాడు. డబ్బు ప్రభుత్వానిదైనా, బ్యాంకుదైనా నాలుగుసార్లు చూసే మనిషి ఉన్నాడు. ఇంటాయన సొంత కష్టార్జితంతో కట్టుకుంటే చూసేవాడు లేడు. పైగా ఇందిరమ్మ తనిఖీలోనూ ఫొటో తీసేది దశ పూర్తయ్యాక, అంటే చువ్వలు కాంక్రీటులో మునిగాక. ఎంత కట్టారో ఆ ఫొటో చెబుతుంది, ఎలా కట్టారో చెప్పదు. ఆ ఏఈ రాకను స్లాబు పడే ముందురోజుకు జరిపితే, అదే జీతంతో అదే మనిషి ప్రాణాలు కాపాడతాడు.

పట్టణం దాటి మండలంలోని ఊళ్లకు వెళ్తే పరిస్థితి ఇంకా పలచన. అక్కడ చిన్న ఇళ్ల అనుమతి పంచాయతీ కార్యదర్శి దగ్గర. 2018లో రాష్ట్రం 9,355 మంది జూనియర్ పంచాయతీ కార్యదర్శుల నియామకానికి పూనుకున్నప్పుడు అడిగిన అర్హత ఏదైనా డిగ్రీ. తెలుగు సాహిత్యం చదివినవాళ్లూ, కామర్స్ చదివినవాళ్లూ మంచి కార్యదర్శులవుతారు. చెట్లు నాటించడం, పన్ను వసూలు, పారిశుద్ధ్యం బాగా చేయగలరు. వాళ్లను పిల్లరు బలాన్ని చూడమని అడగలేం. ఆంధ్రప్రదేశ్ 2019లో వార్డు సచివాలయాలు పెట్టి ప్రతి చోటా ప్లానింగ్ కార్యదర్శిని నియమించింది. సివిల్, ఆర్కిటెక్చర్ డిప్లొమా వాళ్లు అందులో చేరారు. గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్లను పెట్టింది. జనానికి దగ్గరగా సాంకేతిక మనిషిని పెట్టిన ఆ ఆలోచన తెలంగాణ గమనించదగ్గది.

ఇంకొక లోటు చట్టంలోనే ఉంది. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం ఆర్కిటెక్టుకు కౌన్సిల్ నమోదు ఉండాలి. డాక్టరుకు మెడికల్ కౌన్సిల్, వకీలుకు బార్ కౌన్సిల్ ఉన్నాయి. ఇళ్లు నిలబెట్టే సివిల్ ఇంజినీరుకు దేశంలో అలాంటి చట్టబద్ధమైన నమోదు లేదు. మునిసిపాలిటీలు ఇచ్చే లైసెన్సులే దిక్కు. సంతకం పెట్టిన ఇంజినీరు సైటుకు వెళ్లాడా లేదా అని అడిగే సంస్థ లేదు. 2016 రెరా చట్టం నిర్మాణ లోపాలకు ఐదేళ్ల బాధ్యత పెట్టింది. అయితే అది 500 చదరపు మీటర్లు దాటిన స్థలాలకో, ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టులకో వర్తిస్తుంది. ఖేడ్‌లో సొంతంగా కట్టుకునే ఇంటికి ఆ రక్షణ అందదు.

బయటి దేశాల సంగతి కొంచెం చూద్దాం. లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్ 14న మంటల్లో 72 మంది చనిపోయారు. విచారణ తుది నివేదిక స్థానిక మండలి భవన నియంత్రణ విభాగాన్ని కూడా తప్పుపట్టింది. 2022లో బ్రిటన్ తెచ్చిన భవన భద్రతా చట్టం ప్రకారం, 2024 నుంచి ఇంగ్లండ్‌లో బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ అన్న హోదాలో పనిచేయాలంటే పేరు రిజిస్టరులో ఉండాలి. శిక్షణలో ఉన్నవాళ్ల నుంచి పర్యవేక్షకుల దాకా నాలుగు తరగతులు. ఏ రకం భవనం చూడటానికి ఎవరికి సామర్థ్యం రుజువైందో దాన్ని బట్టి పని. డిగ్రీ ఒక్కసారి చూపించి జీవితాంతం ఉద్యోగం చేసే పద్ధతికి అక్కడ కాలం చెల్లింది.

అమెరికాలో టెక్సాస్ సంగతి మన తెలుగువాళ్లకు బాగా తెలుసు. డల్లాస్ చుట్టూ ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో మనవాళ్ల ఇళ్లు ఎన్నో. అక్కడి నల్లమట్టి కూడా మన రేగడిలాగే ఉబ్బి కుంగే రకం. కొత్త ఇల్లు కడుతుంటే పునాది కాంక్రీటు పోయకముందు తనిఖీ జరగాలి. గోడల చట్రం లేచాక, లోపల వైర్లూ పైపులూ వేశాక, చివర్లో మళ్లీ తనిఖీ. ఒక దశ పాసవకుండా తర్వాతి దశకు వెళ్లరు. ఇల్లు కొనేటప్పుడైతే కొనుగోలుదారు తన డబ్బుతో రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్ లైసెన్సున్న హోమ్ ఇన్‌స్పెక్టర్‌ను పిలిపించుకుంటాడు. అక్కడ ఈ పద్ధతికి అలవాటుపడ్డ పిల్లలు ఇక్కడ అమ్మానాన్నలకు ఇల్లు కట్టిస్తున్నప్పుడు వీడియో కాల్‌లో టైల్స్ రంగు అడుగుతారు. చువ్వల ఫొటో కూడా అడగాలి.

మన న్యాయస్థానాలూ ఈ దిశలోనే మాట్లాడాయి. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఒక ఉత్తరప్రదేశ్ కేసులో దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. ఆమోదించిన ప్లానును కట్టే చోట అందరికీ కనిపించేలా పెట్టాలి. అధికారులు నిర్ణీత కాలాల్లో తనిఖీ చేసి ఆ రికార్డు ఉంచాలి. పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలి. తప్పు చేసిన అధికారుల మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలి. అంతకు నెల ముందు, నవంబరు 13న, కూల్చివేతలకు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది. నోటీసు లేకుండా కూల్చే అధికారం రాసుకున్న మన రాష్ట్ర చట్టాన్ని ఈ తీర్పు వెలుగులో మళ్లీ చదవాలి. కూల్చివేతలు టీవీలో ఘనంగా కనిపిస్తాయి. పునాది గుంత దగ్గర ఆపి ఉంటే ఆ కుటుంబానికి పోయేది కొన్ని వేలు. మూడంతస్తులు లేచాక కూలిస్తే పోయేది జీవితకాలపు సంపాదన. సకాలంలో రాని తనిఖీకి ఆ కుటుంబం ఒక్కటే మూల్యం చెల్లిస్తోంది.

దీనికి తోడు క్రమబద్ధీకరణ పథకాలు. 2007 డిసెంబరులో ఒకటి, 2015లో ఇంకొకటి వచ్చాయి. లేఅవుట్లకు 2020 ఆగస్టులో వేరే. కొంతమంది నిజంగా మోసపోయి కొన్నవాళ్లు, వాళ్లకు దారి చూపాల్సిందే. కానీ అపరాధ రుసుము కడితే అతిక్రమణ ఒప్పయిపోతుందని మళ్లీ మళ్లీ చెప్పిన రాష్ట్రంలో ఓవర్సీర్ వెళ్లి ఆపమంటే ఎవరు ఆపుతారు? పైనుంచి ఫోన్లు, ఇంటివాళ్ల ఏడుపు, పక్కింటివాళ్ల ఫిర్యాదు మధ్య నలిగే ఆ చిన్న ఉద్యోగికి అండ లేదు. ఏసీబీకి దొరికినవాళ్ల ఫొటోలు పేపర్లో చూస్తాం. నిజాయితీగా నోటీసు ఇచ్చి బదిలీ అయినవాళ్ల గురించి చదవం.

కాబట్టి నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. ప్రతి ఇంటికీ, 75 గజాల ఇంటికి కూడా, రెండు తనిఖీలు: ఫుటింగు గుంతలో చువ్వలు పెట్టాక, స్లాబు చువ్వలు కట్టాక. ఫీజు లేకుండా. ఇంటాయన ఒకరోజు ముందు ఫోన్‌లో చెబితే 24 గంటల్లో సివిల్ డిప్లొమా ఉన్న మనిషి వచ్చి చూసి, నేల రకం, చువ్వల సైజు, కవర్, రింగుల ఎడం రాసి సంతకం పెట్టాలి. రాకపోతే ఆలస్యానికి జవాబుదారీ ఆఫీసుదే, పని ఆగకూడదు. ఓవర్సీర్ చాలకపోతే మునిసిపల్ ఇంజినీరింగ్ విభాగాన్ని, హౌసింగ్ ఏఈలను, పాలిటెక్నిక్ అధ్యాపకులను జాబితాలో పెట్టొచ్చు. ఓవర్సీర్‌కు ఫ్లెక్సీలు పీకే పని తగ్గించి, ఏటా కొన్ని రోజులు హైదరాబాద్‌లోని జాతీయ నిర్మాణ అకాడమీలో శిక్షణ ఇప్పించాలి. మేస్త్రీలకూ అదే శిక్షణ, కూలి నష్టపోకుండా. ఉద్యోగంలో పైకి వెళ్లడానికి సైటు తనిఖీల నాణ్యత లెక్కలోకి రావాలి. నారాయణఖేడ్ పురపాలక సంఘం దీన్ని ఒక ఉచిత సలహా తనిఖీగా వచ్చే నిర్మాణ సీజన్‌లోనే మొదలుపెట్టొచ్చు.

అది వచ్చేదాకా ఇల్లు కట్టే ప్రతి ఒక్కరికీ నా మనవి ఇది. స్లాబు ముహూర్తం పెట్టుకున్నాక, దానికి ముందురోజు సాయంత్రం ఒక సివిల్ ఇంజినీరును తీసుకెళ్లి చువ్వలు చూపించండి. తప్పుంటే ముహూర్తం ఒకరోజు జరపండి. చువ్వల ఫొటోలు తీసి దాచుకోండి. బస్తాకు 30 లీటర్లకు మించి నీళ్లు పోయనివ్వకండి, సపోర్టులు గడువుకు ముందు తీయనివ్వకండి. అలాగే మునిసిపాలిటీకి తెల్లకాగితం మీద ఒక దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి: ఫలానా తేదీన మా స్లాబు, వచ్చి చూడండి అని.